షుగర్ గురించి అందరికీ తెలుసు

మా వైపు షుగర్ గురించి తెలియనివాళ్ళు లేరు. పెళ్ళి భోజనాల దగ్గర షుగర్ ఉన్నవాళ్ళకని ఒక బల్ల వేరే వేయిస్తారు. దాని మీద పుల్కాలు, కొర్రల ఉప్మా ఉంటాయి. అక్కడ పుల్కాలు తిన్నవాళ్ళే చేతులు కడుక్కుని వస్తూ ఒక పూతరేకు నోట్లో వేసుకుని, "ఒక్కటేగా, రాత్రికి నడుస్తాలే" అంటారు. పొద్దున్నే కాలవ గట్టున నడిచేవాళ్ళు ఒకరినొకరు పలకరించుకునేది "బాగున్నారా" అని కాదు, "ఎంతుంది" అని. ఇంటికో మీటరు, మనిషికో వైద్యం. కాకరకాయ రసం తాగమనేవాళ్ళు కొందరు, మెంతులు నానబెట్టుకోమనేవాళ్ళు కొందరు, అన్నం జోలికే పోవద్దనేవాళ్ళు కొందరు. ఇంత తెలిసినవాళ్ళ మధ్యలో నా కూతురు చచ్చి బతికింది.

దానికి తొమ్మిదో ఏట వచ్చింది. నెల రోజుల్లో పిల్ల పుల్లలా తయారైంది. బాటిళ్ళకు బాటిళ్ళు నీళ్ళు తాగేది, పక్క తడిపేది. ఆస్పత్రికి తీసుకెళ్తే టైప్ వన్ అన్నారు, జీవితాంతం ఇన్సులిన్ పొడుచుకోవాల్సిందే అన్నారు. కూచిపూడి దగ్గర పల్లెటూరి నుంచి మా అత్తగారు చూడ్డానికి వచ్చి, "మా ఇంట్లో అందరికీ యాభై దాటాకే వచ్చిందే, దీనికి అన్నిట్లోనూ తొందరే" అన్నారు. మా ఆడపడుచు ఇంకో అడుగు ముందుకేసి, కడుపుతో ఉన్నప్పుడు నేను స్వీట్లు తెగ తిన్నానని గుర్తు చేసింది. నేను వాంతులతో మంచం దిగని నెలలవి. ఎవరికి చెప్పను?

పెద్దవాళ్ళ షుగర్ వేరు, దీనిది వేరు. వాళ్ళ భయమంతా పెరుగుతుందని. మా పిల్లకు పెరగడం ఎంత ప్రమాదమో, పడిపోవడం అంతకంటే ఎక్కువ ప్రమాదం. ఇన్సులిన్ వేసుకున్నాక తిండి ఆలస్యమైనా, ఎక్కువ ఆడినా రక్తంలో చక్కెర దిగిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. అప్పుడు వెంటనే నాలుగు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగించాలి. పది నిమిషాల్లో లేచి తిరుగుతుంది. తాగించకపోతే స్పృహ తప్పుతుంది, ఆ తర్వాత ఏమైనా కావచ్చు. నాకు లోకంలో ఎవరి నుంచైనా కావలసింది ఇదొక్కటే. నేను పక్కన లేనప్పుడు పిల్ల వణికితే ఎవరో ఒకరు దాని నోట్లో ఇంత చక్కెర వేయాలి.

ఏడో తరగతి వరకు చదివిన చిన్న బడిలో ఆ ఇబ్బంది రాలేదు. ఎనిమిదికి పెద్ద స్కూల్లో వేశాం. ఫౌండేషన్ కోర్సు, వారం వారం టెస్టులు, సాయంత్రం స్టడీ అవర్ ఉన్న స్కూలు. నేను గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ స్టేషనరీ షాపులో బిల్లింగ్ చూస్తాను. ఒకరోజు సెలవు పెట్టి ప్రిన్సిపాల్ గారిని కలిశాను. గ్లూకోజ్ డబ్బా ఆయన బల్ల మీద పెట్టి సంగతంతా చెప్పాను. క్లాస్ టీచర్‌తో ఒక్క పది నిమిషాలు మాట్లాడనిస్తే చాలన్నాను.

"ఒక్కళ్ళకి చెప్తే ఏం లాభమండీ! మొత్తం స్టాఫ్‌కి పెడదాం. మంచి డాక్టర్ గారిని పిలిపిస్తాను. అవేర్‌నెస్ ప్రోగ్రామ్ చేద్దాం" అన్నారాయన.

నేను పొంగిపోయాను. ఆ రాత్రి మా ఆయనతో, ఫీజు ఎక్కువైతే అయింది, మనుషులు మంచివాళ్ళని కూడా అన్నాను. వారం తిరక్కుండా స్కూలు గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ప్రిన్సిపాల్ గారి బొమ్మ పెద్దది, డాక్టర్ గారి బొమ్మ అంతకంటే కాస్త చిన్నది. మధుమేహంపై ఉపాధ్యాయులకు అవగాహన సదస్సు అని రాశారు. పిల్లలు అన్న మాట అందులో ఎక్కడా లేదు. నేనే రెండుసార్లు వెతుక్కున్నాను.

శనివారం మధ్యాహ్నం పిల్లల్ని పంపించేసి పై అంతస్తు హాల్లో టీచర్లను కూర్చోబెట్టారు. నన్ను కూడా పిలిచారు. వచ్చిన డాక్టర్ గారు పిల్లల డాక్టర్ కాదు, ప్రిన్సిపాల్ గారికి షుగర్ చూసే డాక్టర్. మంచి మాటకారి. తెర మీద బొమ్మలు చూపిస్తూ పొట్టలో ఏ అవయవం ఏం చేస్తుందో, పాదాలు ఎలా చూసుకోవాలో చెప్పారు. పిల్లలకు వచ్చే షుగర్ గురించి ఒక స్లైడ్ ఉంది. "ఇది అరుదు లెండి" అని దాన్ని దాటించేశారు. ఇంక ప్రశ్నలు అడగండి అన్నారు. అంతవరకు ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళంతా ఒక్కసారిగా ముందుకు జరిగారు.

"సార్, మామిడి రసాలు వచ్చేశాయి కదండీ, రోజుకొకటి తినొచ్చా?" అని సోషల్ మేడమ్ అడిగింది.

"సగం తినండమ్మా."

"మిగతా సగం మా ఆయనకి పెట్టొచ్చా సార్? ఆయనకీ షుగరే!"

హాలంతా నవ్వు. ఇంకెవరో ముడిబియ్యం అన్నం గొంతు దిగడం లేదన్నారు. పీఈటీ సారు లేచి, స్నేహితుడి కోసం అడుగుతున్నానంటూ ఆదివారం సాయంత్రం రెండు పెగ్గుల సంగతి అడిగాడు. ఒకావిడ తన రిపోర్టులు బ్యాగులోంచి తీసి నేరుగా వేదిక ఎక్కేసింది. గంటసేపు అక్కడ నడిచింది పిల్లల క్షేమం కాదు, ఫీజు లేని ఓపీ. నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని నా వంతు కోసం కూర్చున్నాను.

ఆ స్కూల్లో లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవారు. యాభై దాటిన మనిషి. మా అమ్మాయి క్లాస్ టీచర్ కూడా ఆయనే. స్టాఫ్ రూమ్‌లో టీకి రెండు ఫ్లాస్కులు ఉండేవట, ఎర్రది చక్కెర వేసింది, నీలంది వెయ్యనిది. నీలం ఫ్లాస్కు వాళ్ళందరికీ ఈయనే పెద్ద. ఎవరి రీడింగు ఎంతో ఆయనకు నోటికొచ్చు. వాళ్ళలో ఎవరైనా పొరపాటున ఎర్ర ఫ్లాస్కు మీద చెయ్యి వేస్తే ఊరుకునేవారు కాదట. ఆయన లేచి నిలబడ్డారు.

"ఇరవై ఏళ్ళ నుంచీ షుగర్‌తో కాపురం చేస్తున్నా సార్. ఒక్క పూట నడక మాననండీ. ఒంట్లో కాస్త తేడా చేసిందనుకోండి, లేచి నాలుగు రౌండ్లు కొడతా. దెబ్బకి దిగొచ్చుద్ది."

"చూశారా! నడకను మించిన మందు లేదు. మాస్టారిని అందరూ ఆదర్శంగా తీసుకోవాలి" అన్నారు డాక్టర్ గారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నా వంతు వచ్చేసరికి మైకు ఆపేశారు. స్నాక్స్ పొట్లాల పెట్టె లోపలికి వచ్చేసింది. నేను గొంతు పెంచి, డబ్బా పైకెత్తి చూపించాను. "మా అమ్మాయి వణికిందంటే చక్కెరే మందండీ. పెరిగిందా తగ్గిందా అని ఆలోచించొద్దు. ముందు ఇది తాగించి, తర్వాత నాకు ఫోన్ చెయ్యండి" అన్నాను. తెలుగు మేడమ్ "అయ్యో, అంత చిన్నపిల్లకా!" అని నాలుక చప్పరించింది. పొట్లాల చప్పుడులో మిగతావాళ్ళకు ఏం వినపడిందో నాకు తెలియదు. లెక్కల మాస్టారు ఒక్కరే లేచి నా దగ్గరికి వచ్చారు. నీలం ఫ్లాస్కులోంచి స్వయంగా టీ వంచి ఇచ్చారు.

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా. నా క్లాసేగా. మన పార్టీ పిల్ల. నేను చూసుకుంటా" అన్నారు.

ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళలో నిజమైన ప్రేమ కనిపించింది. అబద్ధమెందుకు ఆడాలి, ఆ హాల్లో మా పిల్లను తన మనిషి అనుకున్నది ఆయనొక్కరే. చప్పటి టీ తాగి, గుండె మీద బరువు దించుకుని ఇంటికి వచ్చాను.

ఆయన చూసుకోవడం మొదలుపెట్టారు. క్లాసులో ఎవరి పుట్టినరోజైనా చాక్లెట్లు పంచితే మా అమ్మాయి చేతిలోది తీసుకుని "నీకొద్దులే తల్లీ" అని జేబులో వేసుకునేవారు. లంచ్ బాక్సు మూత తీయించి చూసి, అన్నం ఎక్కువైందనేవారు. అది ఇంటికొచ్చి విసుక్కునేది. నేను ఫోన్ చేసి, ఇన్సులిన్ లెక్క ప్రకారం వేసుకుంటుంది, అన్నం తినాలండీ, తినకపోతేనే ప్రమాదమండీ అని చెప్పాను.

"నోరు కట్టుకోవడం ఇప్పట్నించే అలవాటవ్వాలమ్మా" అన్నారు.

"గ్లూకోజ్ డబ్బా మాత్రం తీయనివ్వండి సార్. అది దానికి మందు."

"తెలుసమ్మా, నాకు తెలీదా!" అన్నారు నవ్వుతూ.

ఆ రోజు లెక్కల టెస్టు. పొద్దున ఆటల పీరియడ్ అయింది. టెస్టు పెద్దదని ఇంటర్వెల్ ఎత్తేశారు. మా అమ్మాయి ఆ ఇంటర్వెల్‌లోనే నాలుగు బిస్కెట్లు తినాలి. టెస్టు రాసేటప్పుడు బ్యాగులు తీసుకెళ్ళి బ్లాక్‌బోర్డు కింద పెట్టేయాలి, అది ఆ స్కూలు పద్ధతి. డబ్బా బ్యాగులో ఉంది. అంకెలు మసకబారి చెయ్యి వణకడం మొదలయ్యాక పిల్ల లేచి నిలబడి, "సార్, నాకు డౌన్ అయింది. నా డబ్బా తీసుకుంటాను" అంది. నేను నేర్పించిన మాటలే. షుగర్ వచ్చినప్పటి నుంచి అద్దం ముందు నిలబెట్టి మరీ నేర్పించాను.

మాస్టారు దగ్గరికి వచ్చి చూశారు. నుదుటి మీద చెమట చూశారు. "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగారు.

"ఇడ్లీ సార్."

"ఎన్ని?"

"నాలుగు."

"అదీ సంగతి! నాలుగు ఇడ్లీలు తిని, పైన గ్లూకోజా? కొంప మునుగుద్ది తల్లీ. లే, నడుద్దాం. దెబ్బకి దిగొచ్చుద్ది."

డబ్బా బ్యాగులోంచి ఆయనే తీసి తన బల్ల మీద పెట్టుకున్నారు. పిల్ల చెయ్యి పట్టుకుని వరండాలో నడిపించారు. ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్ళీ ఆ చివరికి. మధ్యలో ఆపి నీళ్ళు తాగించారు. పొద్దున్నే గట్టు మీద నడిచేటప్పుడు తోటివాళ్ళకు ధైర్యం చెప్పినట్టే చెప్పారట, ఇంకొంచెం, ఇంకొంచెం అని. మా అమ్మాయి కాదని చెబుతూనే ఉంది. కాసేపటికి దానికి మాట ముద్దగా రావడం మొదలైంది. షుగర్ ఎక్కువైతే నాలుక తడారిపోతుందని ఆయనకు తెలుసు కదా, ఇంకాస్త వేగంగా నడిపించారు. కిటికీలోంచి క్లాసులో పిల్లలు చూశారు. టెస్టు జరుగుతోంది కాబట్టి ఎవరూ లేవలేదు.

షాపుకు ఫోన్ వచ్చింది. "పాపకి కొంచెం కళ్ళు తిరిగాయి, రండి" అని ఆఫీసమ్మాయి చెప్పింది. బిల్లు సగంలో వదిలేసి ఆటో ఎక్కాను. ఏలూరు రోడ్డు మీద ఆటో కదలదు. నేను ఆటోలోంచే ఫోన్ చేసి డబ్బా, డబ్బా అని అరుస్తున్నాను. అవతల ఆ అమ్మాయి "మాస్టారు ఉన్నారండీ, ఆయనకి తెలుసండీ" అంటోంది.

నేను వెళ్ళేసరికి పిల్ల వరండా గచ్చు మీద ఉంది. పళ్ళు బిగుసుకుపోయాయి. ఒక చెయ్యి తన్నుకుంటోంది. మాస్టారు టెస్టు పేపర్‌తో విసురుతున్నారు. స్పృహ లేని మనిషి నోట్లో ఏదీ పోయకూడదని నాకు తెలుసు. అప్పటికి చక్కెర పెట్టే వేళ దాటిపోయింది. అదే ఆటోలో ఒళ్ళో వేసుకుని దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళాను. నరానికి గ్లూకోజ్ ఎక్కించారు. అక్కడి డాక్టరమ్మ మీటరు చూసి, "ఇంకాసేపు నడిపించుంటే" అని ఆగిపోయింది. ఆ మాట పూర్తి చేయమని నేను అడగలేదు.

చాలాసేపటికి అది కళ్ళు తెరిచింది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక అడిగిన మొదటి మాట, "నేను సరిగ్గా చెప్పలేదా అమ్మా?" అని. సరిగ్గానే చెప్పావన్నాను. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది.

సాయంత్రం మాస్టారు వచ్చారు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. చేతిలో ఒక బిస్కెట్ పొట్లం. దాని మీద షుగర్ ఫ్రీ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"నాకు పెరిగినప్పుడూ ఇట్టాగే చెమటలు పడతయ్యమ్మా. నా కూతురైనా ఇట్టాగే చేసేవాణ్ణి" అన్నారు.

"మీ కూతురైతే చచ్చిపోయేది" అన్నాను.

వార్డులో పక్క మంచాలవాళ్ళు తిరిగి చూశారు. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు. నేను ఆపలేదు. చెప్పాను కదండీ అన్నాను. హాల్లో చెప్పాను, ఫోన్లో చెప్పాను, పిల్ల నోటితో కూడా చెప్పించాను. ఎవరు చెబితే వింటారు మీరు? ఆయన తల దించుకుని అన్నీ పడ్డారు. చెడ్డవాడైతే నాకు ఎంత హాయిగా ఉండేది! తిట్టి వదిలేసేదాన్ని. తల దించుకునే నిలబడి, చివరికి మెల్లిగా అడిగారు.

"ఇప్పుడెంతుందమ్మా?"

"నూట తొంభై."

"అయ్యో, కొంచెం ఎక్కువేనే" అన్నారు. అనేశాక ఆయనకే తెలిసింది ఏమన్నారో. బిస్కెట్ పొట్లం మంచం మీద పెట్టి వెళ్ళిపోయారు. దాన్ని నేను ఆయన మెట్లు దిగేలోపే చెత్తబుట్టలో పడేశాను.

వారం తర్వాత ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. క్షమించమంటారేమో అనుకుని వెళ్ళాను. కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. "మా వైపు నుంచి చేయాల్సిందంతా చేశామండీ. సదస్సు కూడా పెట్టించాం. ఇంత రిస్కు మేం తీసుకోలేం. మీరొచ్చి రోజూ స్కూల్లో కూర్చుంటానంటే చెప్పండి, లేదంటే వేరే ఏదైనా చూసుకోండి" అన్నారు. ఆయన వెనక గోడకు సదస్సు ఫోటో ఫ్రేము కట్టించి ఉంది. అందులో డాక్టర్ గారికి శాలువా కప్పుతున్నారు. అందరూ నవ్వుతున్నారు. నేను మూలన ఉన్నాను, డబ్బాతో సహా. కాఫీ ముట్టుకోకుండా లేచి, టీసీ ఇచ్చేయమన్నాను.

మాస్టారు వరండాలో ఎదురుపడ్డారు. ఏదో అనబోయారు. నేను పక్కకు తప్పుకుని మెట్లు దిగేశాను. ఆయన్ను క్షమించావా అని మా ఆయన అప్పుడప్పుడు అడుగుతుంటాడు. లేదు. ఎప్పటికైనా క్షమిస్తానన్న నమ్మకం కూడా నాకు లేదు. ప్రేమగా చేశాడు కదా అంటాడు. అందుకే కదా నా కూతురు ఆ చెయ్యి విడిపించుకోలేకపోయింది.

వేరే స్కూలు వెతకడానికి నెల పైన పట్టింది. షుగర్ పిల్ల అనగానే సీట్లు అయిపోయేవి. చివరికి ఇంటికి కాస్త దూరంలో ఒక చిన్న స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారు తీసుకుంటానన్నారు. నెమ్మదైన మనిషి. నేను చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నారు, ఒక కాగితం మీద రాసుకున్నారు కూడా. తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి చెయ్యి పట్టుకున్నారు. అది చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆవిడ ఏమీ అనుకోలేదు.

"మరి క్లాసులో నీకు బాగా లేదనిపిస్తే ఎవరికి చెప్తావమ్మా?" అని అడిగారు.

"ఎవరికీ చెప్పనండీ" అంది మా అమ్మాయి.

"అదేంటమ్మా?"

"చెప్తే డబ్బా లాక్కుంటారండీ. గ్లూకోజ్ పొట్లం కట్టి సాక్సులో దాచుకుంటాను. బాత్రూమ్‌కని అడిగి వెళ్ళి, తలుపేసుకుని తినేస్తాను."

అంత మర్యాదగా, అంత స్పష్టంగా చెప్పింది. మాట ఎక్కడా తడబడలేదు. ఒంటరిగా, గడియ పెట్టుకున్న గదిలో పడిపోతే ఎవరికీ తెలియదు కదే అని నా ప్రాణం కొట్టుకుంది. హెడ్‌మిస్ట్రెస్ గారు నా వైపు చూశారు. అలా చేయకూడదు, పెద్దవాళ్ళకు చెప్పాలి అని తల్లిగా నేను చెబుతానని ఎదురుచూస్తున్నారు. నాలుగేళ్ళుగా ఆ మాటే చెప్పి పెంచాను దాన్ని. నా కూతురు కూడా నా వైపే చూస్తోంది.